శ్రమల వారంలో పలకని పేజీ

కరీంనగర్‌లో చర్చి కాంపౌండు వెనక చూపులేని ఆడపిల్లల హాస్టలు. ఈస్టరు పండుగ పోయిన తెల్లారి, సోమవారం మధ్యాహ్నం. కంప్యూటర్ గదిలో ఇద్దరు కూర్చుని ఉన్నారు: తెలుగు పేజీలను పైకి చదివి వినిపించే ‘పలుకు’ రాసిన జోయల్, ఆ పలుకునే నమ్ముకున్న ఏంజెల్. మాట అప్పటికే సగంలో ఉంది. మిగతా సగం ఎవరిది వాళ్లు దాచుకుంటున్నారు.

“నొక్కితె ఏం సప్పుడు రాలేదా? టిక్కుమని గూడ?”

“రాలేదన్నా. చెప్పిన గదా.”

“మల్లోసారి నొక్కు చెల్లె. నా ముంగట.”

“నొక్కుతున్న.”

“ఆ మూలకున్న మీట. పలుకు మీట.”

“ఏ మీటనో నాకు తెల్వదా? రోజు నొక్కేదే గదా. ఇగో, నొక్కిన. ఇన్నవా?”

“ఏం రాలే.”

“ఏం రాలే. పోయిన సోమవారం గిట్లనే ఏం రాలే. మంగళవారం గిట్లనే.”

“తప్పు అని గూడ చూపెడ్తలేదు తెర మీద. పేజీ మంచిగనే ఉన్నది. చూసేటోనికైతె అంత మంచిగనే కనవడ్తది.”

“మాకు కనవడది గదా.”

“అవును.”

“చాయ్ తాగుతవా? సమ్మక్క పొయ్యి మీద పెట్టింది.”

“చాయ్ తర్వాత. గిది చూడనియ్యి. బ్రౌజర్ పాతదే ఉన్నది. ఎవ్వరు మార్చలేదా?”

“ఎట్ల మారుస్తం? గీ కంప్యూటర్లకు కొత్తది ఎక్కదని నువ్వే అన్నవు. హైదరాబాద్‌ల ఎవరో వాళ్లకు పనికిరావని ఇచ్చిండ్రు మాకు. నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు పొద్దంత కూసోని ఎక్కియ్య చూసినవు. ఎక్కలే. గప్పుడన్నవు, ‘ఫికర్ చెయ్యకుండ్రి, పాతదాంట్ల గూడ నడిచేటట్టు నేను రాస్త’ అని.”

“అన్న.”

“రాసినవు గూడ.”

“రాసిన.”

“మంచిగ నడిచింది గిన్నొద్దులు. కంప్యూటర్ దానంతట అది మాట్లాడేది ఇంగ్లీషే. తెలుగు పేజీ రాంగనె ఊకుంటది. పలుకు ఉన్నది గనుక తెలుగుల పాఠాలు చదువుకున్నం, పేపర్ చదువుకున్నం, కొలువుల సైటు చదువుకున్నం.”

“ఆ కొలువుల సైటు సంగతే మాట్లాడాలె నీతోని.”

“మాట్లాడు.”

“బెల్లంపల్లి ఆఫీసుల ఫోన్లు ఎత్తే కొలువు వచ్చింది నీకు. మెసేజ్ వచ్చింది. సైట్ల నీ పేజీ తెరిచి, అంత చదువుకోని, కిందికి పోయి ‘ఒప్పుకుంటున్న’ అన్నకాడ నొక్కాలె. మొన్న శనివారమే ఆఖరు. నొక్కలే అని నిన్న చర్చిల నీ తోటి పిల్లలు చెప్పిండ్రు. గంతేనా జరిగింది?”

“గంతే.”

“పేజీ చదవలేదు గనుక నొక్కలే.”

“చదవలేదు గదా అన్నా కంప్యూటరు. ఇప్పుడే చూసినవు.”

“అదే. అదే మాట కావాలె నాకు. ఇంక జరసేపట్ల పద్మలత మేడం ఫోన్ చేస్తది.”

“ఏ మేడం?”

“కొలువుల ఆఫీసుల పెద్ద మేడం. నీ జాగ వేరేటోళ్లకు పోకుంట ఇయ్యాల పొద్దూకేదాక ఆపింది. నిన్నొక్క మాట అడుగుతదట. చదవలే అంటె సాలు, జాగ మల్ల నీదే.”

“నన్నే అడుగుతదా?”

“నీ నోటితోటే ఇనాల్నట.”

“నువ్వు చెప్తె కాదా?”

“నేను చెప్పిన. రాసి గూడ పంపిన. అయినా నిన్నడుగుతదట.”

“పోనియ్యి అన్నా.”

“ఏం పోనియ్యి?”

“అయిపోయింది గదా. పోనియ్యి.”

“చెల్లె, గది గవర్నమెంటు కొలువు. మల్ల మల్ల రాదు.”

“తెల్సు.”

“తెలిసి పోనియ్యి అంటవేంది?”

“సమ్మక్క వస్తుంది. చెప్పుల సప్పుడు.”

“ఏం సారు, మంచిగున్నవా? చానా రోజులాయె నువ్వు రాక. ఇగో చాయ్. నిన్నటి గారెలున్నయి, పండుగవి, తిను.”

“వద్దు సమ్మక్కా. చాయ్ సాలు.”

“వీళ్లకు వండిపెట్టెటోళ్లకు గింతన్న విలువుంటె బాగుండు. గీ పోరి గూడ తింటలేదు సారు. పండుగ నాడు మటన్ గిన్నె ముంగట పెట్టుకోని కూసున్నది, ముట్టలే.”

“ఉపాసాల కడుపు సమ్మక్కా. ఒక్కసారి తింటె పట్టది.”

“ఉపాసాలు అందరికి ఉండె. అందరు తిన్నరు. నువ్వు మాట గూడ తక్కువ చేసినవు.”

“కొలువు పోయింది గదా సమ్మక్కా ఆమెకు. అందుకే.”

“అయ్యో, గట్లనా? నాకెవ్వరు చెప్పలే. ఏమే, గంత పెద్ద సంగతి నాతోని అననే అనవైతివి.”

“పని మీద ఉంటివి.”

“ఎంత పని మీద ఉంటె మాత్రం... సరె, తాగుండ్రి. అగో, హాస్టల్ పెద్దసారు గూడ వస్తుండు.”

“వందనాలు జోయల్.”

“వందనాలు ఆశీర్వాదం సార్. కూసోండ్రి.”

“కూసుంటె కాదు, ప్రార్థన గంట కొట్టియ్యాలె. నిన్న చర్చిల అట్ల ముఖం పాలిపోయి ఎల్లిపోయినవేంది? ప్రభుభోజనం గూడ తీస్కోలే నువ్వు. నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?”

“లేదు సార్. చర్చి మెట్ల మీద నాతోని చెప్పింది ఏంజెల్ ముంగట మల్లోసారి చెప్పుండ్రి. పిల్లలు పలుకు బంద్ పెట్టిండ్రని ఎట్ల అనుకున్నరు మీరు?”

“అనుకునుడేంది, ఈస్టరుకు ముందటి శ్రమల వారంల మా హాస్టల్ తీరే అది. మట్టల ఆదివారం ప్రార్థన కాడ ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఇడిసిపెడ్తరు. ఒకామె చాయ్, ఒకామె పాటలు. రేడియో, హార్మోనియం, వీళ్ల బటన్ ఫోన్లు, అన్ని నేనే బీరువల వెట్టి తాళమేస్త. గంట గూడ కొట్టం, చప్పట్లు కొట్టి పిలుస్తం. సోమవారం నేను గీ గది ముంగటికెల్లి పోతాంటె లోపల అందరు కూసోని ఉన్నరు, కంప్యూటర్ల సప్పుడు లేదు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. నేను చెప్పకుండనే చదువు గూడ ఇడిసిపెట్టిండ్రు పిల్లలు అనుకున్న.”

“మేం ఇడిసిపెట్టలే సార్.”

“ఏంది?”

“మీరే తీసేసిండ్రనుకున్నం.”

“నేనెట్ల తీస్తనే? నాకు గా పెట్టె తెరుసుడే రాదు.”

“మాకేమెరుక సార్? రేడియో తీసిండ్రు, గంట తీసిండ్రు. పలుకు గూడ తీసిండ్రనుకున్నం. శ్రమల వారంల ఏం తీసినా ఎందుకని అడగొద్దన్నరు మీరు. ఎవ్వరం అడగలే.”

“అన్న. ప్రతేడు అంట గా మాట.”

“చప్పుడు లేని కంప్యూటర్ల ముంగట వారమంత కూసున్నం. చిన్నపిల్లలు గూడ కూసున్నరు.”

“గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటలు అయినంక నేను లేసి సాక్ష్యం చెప్పిన గదా జోయల్. చూపులేని పిల్లలు వినుడు గూడ ప్రభువుకు ఇచ్చిండ్రని. సంఘమంత ఆమెన్ అన్నది.”

“నేను గూడ అన్న సార్. ఎనుక బెంచీల ఉన్న. పలుకు అన్న పేరు సరిగ్గ వినవడలే గప్పుడు. నిన్న మెట్ల మీద మీరు మల్ల అంటె గప్పుడు సమజైంది.”

“నువ్వు రాసిందే గదా, సంతోషపడ్తవని చెప్పిన.”

“తెల్సు సార్.”

“ఏంజెల్, నీ కొలువు పోయిందని ఇప్పుడే వచ్చుకుంట ఇన్న. గా పేజీ ఉన్నదని నాతోని అనకపోయినవా? నేను చదివిపెడుదు గదా.”

“మీరు ఉపాస ప్రార్థనల ఉంటిరి సార్.”

“ఉంటె మాత్రం? కొలువు కంటె ఎక్కువనా?”

“పోనియ్యుండ్రి సార్.”

“నాకు నిద్ర పట్టదు ఇయ్యాల. సరె. గంట కొట్టొస్త. మీరు మాట్లాడుకోండ్రి.”

“పోయిండా?”

“పోయిండు.”

“పాపం సారు. పలుకు తీసింది తనే అన్నట్టు పోయిండు.”

“సారు తీయలే చెల్లె. మీరు ఇడువలే. తీసింది నేను.”

“నువ్వా?”

“నేనే. ఇంటున్నవా?”

“ఇంటున్న.”

“పలుకు రెండు తీర్ల రాసి ఉంచిన. ఒకటి కొత్త బ్రౌజర్లకు. ఒకటి గిసొంటి పాతయాటికి. ఏది మార్చినా రెండు దిక్కుల మార్చాలె, రెండు దిక్కుల నడిపి చూడాలె. నా కాడ పాత కంప్యూటర్ లేదు, చూడాల్నంటె గీడికి రావాలె. యాష్టకొచ్చింది. పాతదాన్ని తీసేసిన.”

“కైలాసం సార్ తీయమన్నడా?”

“మా ఓనర్‌కు రెండున్నయనే తెల్వదు. నేనే పోయి చెప్పిన. పాతయి వాడేటోళ్లు ఎవ్వరు లేరు సార్, తీసేస్తె పని తేలికైతది అన్న. నీ ఇష్టం అన్నడు.”

“మేం వాడుతున్నం గదా.”

“లెక్కల చానా తక్కువ కనవడ్డరు.”

“ఆ తక్కువే మేము గదా.”

“మీరే.”

“మేమని తెల్సా నీకు, తీసేటప్పుడు?”

“తెల్సు అంటె తెల్సు. చానా రోజులాయె రాక. మీరు గూడ ఎట్లనో కొత్తయి తెచ్చుకోని ఉంటరు అనుకున్న. అడగలే. ఒక్క ఫోన్ చేస్తె తెలుస్తుండె. చెయ్యలే.”

“తీసినంక గూడ చూడలేదా, ఎవరికన్న ఆగిపోయిందేమో అని?”

“చూసిన. గదే చెప్పేది. సోమవారం చూసిన, మంగళవారం చూసిన. పాత బ్రౌజర్లకెల్లి వచ్చినోళ్లు సున్న. కైలాసం సార్‌కు చూపెట్టిన, చూడుండ్రి, ఒక్కలు గూడ లేరని. ఖుషీ అయిండు. ఇద్దరం చాయ్ తాగినం.”

“మేం కూసున్నం గదా గీడ. వారమంత.”

“లెక్కపెట్టేది గూడ గదే ఫైల్ల ఉండె. పాత బ్రౌజర్‌కు కొత్త రాత తెల్వదు. ఒక్క గుర్తు తెల్వకపోయినా మొత్తం ఫైలే పక్కన పడేస్తది. చదువుడు పోయె, దాంతోని లెక్కపెట్టుడు పోయె. మీరు వచ్చిండ్రని నాకు తెలిసే తొవ్వ నేనే మూసిన.”

“అంటె మేం వచ్చినా రానట్టే.”

“రానట్టే.”

“కొత్త ఫోన్లల్లనైతె?”

“కొత్త ఫోన్లల్ల, కొత్త కంప్యూటర్లల్ల మంచిగ నడుస్తది. నా ఫోన్ల చూసుకున్న, నడిచింది, ఇంటికి పోయి పండుకున్న.”

“ఊఁ.”

“తిట్టు చెల్లె. ఏదన్న ఒకటి అను.”

“ఏమనాలె? నాకేం కోపం వస్తలేదన్నా.”

“రావాలె గదా.”

“రావాలె. వస్తలేదు.”

“సరె. ఫోన్ వస్తది ఇగ. ఏమనాల్నో ఒకసారి అనుకుందాం. మేడం అడుగుతది, ‘నొక్కలేదెందుకమ్మా’ అని. నువ్వేమంటవు?”

“కంప్యూటర్ చదవలే మేడం అంట.”

“ఆ. ‘అందుకే నొక్కలే’ అను.”

“కంప్యూటర్ చదవలే మేడం.”

“అందుకే నొక్కలే.”

“చాయ్ చల్లారింది నీది.”

“చాయ్ పోనియ్యి. అను.”

“అన్నా, నువ్వు బెల్లంపల్లికి ఎన్నడన్న పోయినవా?”

“పోయిన. మా ఊరు చొప్పదండి పాస్టరుది గాడనే ఇల్లు. ఎందుకు?”

“ఊకెనే.”

“ఆఫీస్ చూసినవా నువ్వు?”

“చూసిన. చిన్నమ్మ వాళ్లు బెల్లంపల్లిలనే ఉంటరు. కొలువు వస్తె వాళ్లింట్లనే ఉండాలె అని, ముందుగాల్నే తీస్కపోయి చూపిచ్చిండ్రు.”

“ఎట్లున్నది?”

“కుర్చీ మంచిగున్నది.”

“కుర్చీనా?”

“ఆఫీసుల కుర్చీ. మెత్తగున్నది. గాడ కూసోవెట్టిండ్రు. తర్వాత చిన్నమ్మ ఇంట్ల ఒక కుర్చీల కూసోవెట్టిండ్రు. లేవబోతె చెయ్యి పట్టిండ్రు. నీళ్లు కావాల్నంటె తెచ్చిచ్చిండ్రు. అన్నం కలిపి గిన్నె చేతుల పెట్టిండ్రు. బాత్రూం కాడికి పోతె చిన్నమ్మ వచ్చి బయట నిలవడ్డది, అయిందా, అయిందా అనుకుంట. మంచిగ చూసుకున్నరు. పొద్దూకేదాక గదే కుర్చీ.”

“కొత్త గదా. అలవాటైతది వాళ్లకు, నీకు.”

“అందరు గదే అంటరు.”

“గీడ మాత్రం ఎన్నేండ్లుంటవు చెల్లె?”

“గీడ నన్ను ఎవ్వరు పట్టుకోరన్నా. నా బట్టలు నేను ఆరేసుకుంట. చిన్నపిల్లలకు కంప్యూటర్ నేర్పుత. పక్కింటి కుక్క గూడ నన్ను చూస్తె మొరగది.”

“గది నిజమే. కని కొలువు కొలువే.”

“నీ ల్యాప్‌టాప్ ఏది?”

“ఏంది?”

“ఎప్పుడొచ్చినా టకటక కొడ్తనే ఉంటవు. ఇయ్యాల ఆ సప్పుడు లేదు.”

“తేలే.”

“బ్యాగు తెచ్చినవు గదా. బల్ల మీద పెడ్తె ఇన్న.”

“దాంట్ల టిఫిన్ బాక్సు ఉన్నది.”

“ఉట్టి బాక్సు కోసం గంత పెద్ద బ్యాగా?”

“ల్యాప్‌టాప్ కంపెనీల ఇచ్చేసిన.”

“ఎందుకు?”

“వాళ్లదే గదా.”

“జోయలన్నా. ఎందుకు?”

“నిన్న చర్చి కాడికెల్లి ఇంటికి పోలేదు నేను. గక్కడికక్కడనే మేడంకు రాసి పంపిన. తప్పు మా పలుకుదే, నేనే పాత బ్రౌజర్లకు తీసేసిన, పిల్ల కొలువు గందుకే పోయింది అని. కైలాసం సార్‌ను అడగలే. అడిగితె వద్దంటడు గదా. పొద్దున మేడం ఆయనకే ఫోన్ చేసిందట.”

“కోపం చేసిండా?”

“లేదు. మెల్లగనే అన్నడు. ‘నువ్వు రాసింది తప్పని నేననను జోయల్, కని నన్నడగకుండ నా కంపెనీ పేరు మీద రాసినవు. ఇయ్యాల్టి సంది రాకు’ అన్నడు.”

“కొలువు పోయిందా నీది?”

“పోయింది.”

“రెబెక వదినకు చెప్పినవా?”

“చెప్పలే. ఫోన్ల ఎట్ల చెప్పుదు? పొద్దున ఎప్పటి తీరుగనే బాక్సు కట్టిచ్చింది. కంపెనీల కెల్లి బయటికొచ్చి ఎటు పోవాల్నో తెల్వలే. బస్టాండ్ల కూసున్న. వరంగల్ బస్సు పోయింది, మంచిర్యాల బస్సు పోయింది. తర్వాత ఆటో ఎక్కి గిటొచ్చిన.”

“ఏడ్సినవా?”

“లేదు. ఏం అనిపిస్తలేదు. ఒక్క దిక్కు పండుకుంటె చెయ్యి తిమ్మిరి పడ్తది సూడు, మనిషి మొత్తం గట్లనే ఉన్నది.”

“నాకు గూడ గట్లనే ఉన్నది. వారమాయె.”

“నీకుంటది. కొలువు పోయె గదా.”

“గందుకు గాదు.”

“మరెందుకు?”

“పలుకు మల్ల పాతదాంట్ల నడవదా ఇగ?”

“తీసిన ఫైలు గాడనే ఉన్నది, పెడ్తె నడుస్తది. పెట్టాల్నంటె నాకు లోపలికి తొవ్వ ఉండాలె. పొద్దున్నే బంద్ పెట్టిండ్రు. నా తర్వాత వచ్చేటోనికి చెప్తమన్నడు కైలాసం సార్. పెడ్తరు. మీ పిల్లలకు ఆగది.”

“నువ్వు మేడంకు రాసింది ఎన్కకు తీస్కోరాదా?”

“ఎందుకు తీస్కుంట? దాంట్ల అబద్ధమేమున్నది? నేను తీసిన, మీకు చదవలే, నీ కొలువు పోయింది.”

“తీస్కుంటె కైలాసం సార్ మల్ల రమ్మంటడేమో.”

“అనడు. అన్నా పోను. చెల్లె, నువ్వు నా ఫికర్ చెయ్యకు. నువ్వు చదవలే అను, నీ కొలువు నీకు రానియ్యి. నాది పోయిందానికి ఒక అర్థముంటది. ఇంటికి పోయి రెబెకకు ఏదన్న ఒకటి చెప్పుకోవాలె గదా. ‘కొలువు పోయింది కని ఏంజెల్ కొలువు నిలవడ్డది’ అని చెప్పుకుంట.”

“నాది వస్తె నీది రాదు గదా.”

“రాదు. ఒకటన్న మిగుల్తది.”

“నేను చదివింది అంటె?”

“ఏంది?”

“మేడం తోని. చదివింది అంటె ఏమైతది?”

“అట్లెందుకంటవు? కంప్యూటర్ నా ముంగటనే పలుకుతలేదు. నన్ను కాపాడుదామని అబద్ధం చెప్పకు. నీకు దండం పెడ్త. గది ఒక్కటి చెయ్యకు.”

“నిన్ను కాపాడుటానికి గాదు.”

“మరి?”

“నీ ఫోన్ మోగుతుంది.”

“మేడమే. స్పీకర్ల పెడ్తున్న. చెప్పిన తీరుగనే అను, సరేనా? కంప్యూటర్ చదవలే, అందుకే నొక్కలే. నమస్తే మేడం.”

“నమస్తే జోయల్ గారు. ఆ అమ్మాయి ఉన్నదా?”

“ఉన్నది మేడం, పక్కకే ఉన్నది. మాట్లాడు చెల్లె.”

“నమస్తే మేడం. నేను ఏంజెల్.”

“నమస్తే అమ్మా. నేను పద్మలతను. ఏం భయపడకు, నిన్ను తప్పు పట్టడానికి ఫోన్ చేయలేదు. జోయల్ గారు రాసింది చదివిన. మా దగ్గర కూడా ఒక పాత కంప్యూటర్ ఉంటె దాంట్ల పెట్టి చూపించుకున్న. పలుకు పని చేస్తలేదు, నిజమే. నీకు చదువుకునే వీలు లేక గడువు దాటింది. గంతే కదా? నువ్వు అవునంటె నీ పోస్టు ఇప్పుడే తెరిపిస్త.”

“మేడం, జర...”

“అమ్మా? వినబడుతుందా?”

“వినవడ్తుంది మేడం.”

“చెప్పు చెల్లె. అవునను.”

“అన్నా, నువ్వు జర ఊకో. మేడం, కంప్యూటర్ చదవలే. గది నిజం. జోయలన్న రాసిందాంట్ల అబద్ధం లేదు, ఆయన మీద ఏం అనకుండ్రి.”

“ఆయనను ఏమంటమమ్మా. నీ సంగతి చెప్పు. చదవలేదు, అందుకే నొక్కలేదు. అంతే కదా?”

“గంతే కాదు మేడం. బుధవారం నాడు చిన్నమ్మకు మాట్లాడుత అని వంటక్క సమ్మక్క కొత్త టచ్ ఫోన్ తీస్కోని స్టోర్ రూంల కూసున్న. దాంట్ల పలుకు మంచిగనే పలికింది, మొదలుకెల్లి ఆఖరుదాక ఇన్న. ‘ఒప్పుకుంటున్న’ అన్నకాడ వేలు గూడ పెట్టిన. చిన్నమ్మ ఇంట్ల కుర్చీ యాదికొచ్చి భయమై తీసేసిన మేడం.”